ఆఫీసు ఫోను బయటికి పోదు, నింద మాత్రం నా మీదికే వస్తోంది

గుంటూరు నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, సంస్థ వివరాలు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమెకు 29 ఏళ్లు. మిర్చి ఎగుమతి, కోల్డ్ స్టోరేజీ రెండూ నడిపే ఒక కుటుంబ సంస్థలో లెక్కలు రాస్తారు. కిందటి ఏడాది పాత ఇంటర్‌కం పెట్టె తీసేసి, ఇంటర్నెట్ లైను మీద పనిచేసే కొత్త ఫోను సిస్టం పెట్టించారు. కంప్యూటర్ తెలిసిన అమ్మాయి కదా అని దాని పాస్‌వర్డ్ ఆమె చేతిలో పెట్టారు. జీతం పెరగలేదు, హోదా మారలేదు, పని మాత్రం పెరిగింది.

అప్పటి నుంచీ బయటికి వెళ్లే ఫోన్లు సరిగా లేవు. కుర్ర గుమస్తాలు నంబరు తిన్నగా నొక్కితే 9తో మొదలయ్యే సెల్ నంబర్లు కలవవు. 8, 7, 6తో మొదలయ్యేవి కలుస్తాయి. పాతికేళ్లుగా అక్కడే ఉన్న పెద్ద గుమస్తా గారి పరిస్థితి వేరు. ఆయనకు సెల్ నంబర్లన్నీ కలుస్తాయి గానీ ఊళ్లోని బ్యాంకు, యార్డు కార్యాలయం వంటి ల్యాండ్‌లైన్లు కలవవు. "బాబాయి గారికి లైను తెరిచి మాకు మూశారు" అని కుర్రవాళ్లు అంటారు. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా ఫోను కట్ చేసింది" అని ఆయన అందరి ముందూ అంటారు. పైగా సీజన్లో ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎవరు నొక్కినా లైన్లన్నీ బిజీ అని ఇంగ్లిష్ గొంతు వినిపిస్తుంది.

ఆమెకు నిద్ర పట్టనివ్వని విషయం ఇంకొకటి. ఈసారి బిల్లు లక్ష దాటింది. ఆమె సిస్టంలో కాల్ రికార్డు తెరిచి చూస్తే, అర్ధరాత్రి రెండు నుంచి నాలుగు మధ్య, ఎప్పుడూ వినని దేశాల కోడ్లకు వరసగా ఫోన్లు వెళ్లాయి. అన్నీ 204 ఎక్స్‌టెన్షన్ పేరు మీదే. ఆ 204 యజమాని బావమరిది గారి బల్ల మీది ఫోను. "చెబితే ఇంటి మనిషి మీద చాడీ చెప్పినట్టు అవుతుంది. చెప్పకపోతే పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది కాబట్టి రేపు నన్నే దొంగను చేస్తారు. ఉద్యోగం మానేయమంటారా?" ఇదీ ఆమె ప్రశ్న. రూట్ల పట్టికను, అంటే ఏ నంబరు నొక్కితే ఫోను ఎలా బయటికి పోవాలో చెప్పే వరుసలను, తెర మీద చూసి కాగితం మీద ఎత్తి రాసి ఉత్తరంతో పాటు పంపారు.

అమ్మా, ఆ పట్టిక పంపి చాలా మంచి పని చేశారు. అది చూశాక ధైర్యంగా చెప్పగలుగుతున్నాను: మీరు ఎవరికీ లైను తెరవలేదు, ఎవరి లైనూ మూయలేదు. బావమరిది గారు కూడా అర్ధరాత్రి లేచి ఫోన్లు చేసి ఉండకపోవచ్చు. ఈ రెండు గొడవలూ ఆ పట్టికలోని ఐదు వరుసల్లోంచే పుట్టాయి.

మిగతావన్నీ నిదానంగా చూద్దాం గానీ, ఒక్క పని మాత్రం ఇది చదివిన రోజే జరగాలి. మీకు లైను ఇచ్చిన టెలిఫోను కంపెనీకి చెప్పి, విదేశీ కాల్స్‌ను వాళ్ల వైపు నుంచే తాత్కాలికంగా ఆపించండి. ఫోనులో చెప్పి ఊరుకోకుండా అదే మాట ఈమెయిల్‌లో రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. మీ ఫోను పెట్టెలో మీరు ఆపితే, లోపలికి చొరబడినవాళ్లు మళ్లీ తెరవగలరు. కంపెనీ ఆపినదాన్ని వాళ్లు తెరవలేరు. యజమాని అనుమతి తప్పకుండా తీసుకోండి, అందుకు ఎవరి పేరూ ఎత్తనక్కరలేదు. "బిల్లు సంగతి తేలేదాకా ఐఎస్డీ ఆపిస్తానండీ, అందాకా బయ్యర్లతో సెల్ మీద మాట్లాడదాం" అంటే లక్ష బిల్లు చూసిన ఏ యజమానీ కాదనడు. సంగతి తేలిన రోజున దాన్ని మళ్లీ తెరిపించుకోవచ్చు.

ఇక పట్టిక. మొదటి వరుస: 9 నొక్కి ఆ తర్వాత ఏమి నొక్కినా, 9 తీసేసి మిగతా అంకెలు బయటికి పంపు. రెండో వరుస: 0తో మొదలైతే ఎస్టీడీ, ఉన్నదున్నట్టు పంపు. మూడోది: 00తో మొదలైతే ఐఎస్డీ, పిన్ అడిగి పంపు. నాలుగోది: పది అంకెలుంటే సెల్, ముందు 0 చేర్చి పంపు. ఐదోది: 2తో మొదలయ్యే ఏడంకెలైతే ఊళ్లో ల్యాండ్‌లైను, ముందు 0863 చేర్చి పంపు. విడివిడిగా చదివితే ఏ వరుసా తప్పనిపించదు. వాటిని పేర్చిన క్రమంలో తప్పుంది. మీ పెట్టె ఈ పట్టికను పైనుంచి కిందికి చదువుతుంది. తపాలా సార్టింగ్‌లో చిరునామా పూర్తిగా చదవకుండా, మొదట సరిపోయిన అరలోనే ఉత్తరం పడేసే మనిషి ఎలా ఉంటాడో ఇదీ అలాగే. కింద ఇంకా సరైన అర ఉందేమో అని చూడదు.

ఇప్పుడు కుర్ర గుమస్తా 98తో మొదలయ్యే పది అంకెలు నొక్కాడనుకోండి. అది సెల్ నంబరని మనకు తెలుసు. పెట్టెకు మాత్రం మొదటి అంకె 9 కనబడగానే మొదటి వరుస సరిపోయింది. 9 పోయింది. 8తో మొదలయ్యే తొమ్మిది అంకెలు బయటికి వెళ్లాయి. అలాంటి నంబరే లేదు కాబట్టి కలవలేదు. 8తోనో 7తోనో మొదలయ్యే సెల్ నంబరైతే మొదటి మూడు వరుసలకూ సరిపోదు, నాలుగోదాకా దిగి, ముందు 0 చేర్చుకుని చక్కగా పోతుంది. ల్యాండ్‌లైన్ల నుంచి సెల్‌కు చేసేటప్పుడు ముందు 0 తప్పనిసరి అని 2021 జనవరి 15 నుంచి దేశమంతటా నియమం వచ్చింది కదా, నాలుగో వరుస అందుకోసమే.

పెద్ద గుమస్తా గారి వేళ్లకు పాత పెట్టె అలవాటు. ముందు 9 నొక్కి, తర్వాత 0, ఆ తర్వాత సెల్ నంబరు. మొదటి వరుస ఆయన 9 మాత్రమే తీసేసి, 0తో కలిపి పదకొండు అంకెలూ పంపింది. కలిసింది. కానీ ఊళ్లో ల్యాండ్‌లైనుకు ఆయన 9 నొక్కి, ఏడంకెలు నొక్కుతారు. 9 పోయి ఏడంకెలే వెళ్లాయి. 0863 చేర్చే ఐదో వరుస దాకా ఆ కాల్ చేరనే లేదు. పాత రాగి తీగ లైను మీద ఏడంకెలు చాలేవి, ఎందుకంటే అవతలి ఎక్స్‌ఛేంజి గుంటూరులోనే ఉండేది. ఈ కొత్త లైనుకు ఊరి కోడ్ చెప్పకపోతే ఎక్కడికి పోవాలో తెలియదు.

కుర్రవాళ్ల కష్టం, ఆయన కష్టం రెండూ ఒకే వరుస వల్ల వచ్చాయన్నమాట. ఈ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మరు, చూపించాలి. ఒక తెల్లకాగితం మీద గడులు గీయండి: ఏ బల్ల, ఎన్ని గంటలకు, నొక్కిన అంకెలు, బయటికి వెళ్లిన అంకెలు, వినబడిన మాట, లాగ్‌లో (పెట్టె రాసుకునే కాల్ రికార్డులో) పడిన కోడ్. ఇందులో ముఖ్యమైనవి మూడో గడి, నాలుగో గడి. పక్కపక్కన పెడితే పది లోపలికి వెళ్లి తొమ్మిది బయటికి రావడం ఎవరికైనా కంటికి కనబడుతుంది. పెద్ద గుమస్తా గారిని పిలిచి ఆయన చేతే ఒక నంబరు నొక్కించి, ఆ వరుస ఆయన ముందే రాయండి. ఒక కుర్రవాడి చేతా నొక్కించండి. మీ సంజాయిషీ కంటే ఆ కాగితం బలంగా మాట్లాడుతుంది.

సరిచేసేదాకా పని గడుపుకోవడానికి ఒక దారి ఉంది. సెల్ నంబరుకు అందరూ ముందు 0 నొక్కాలి. ల్యాండ్‌లైనుకు అందరూ 0863తో కలిపి నొక్కాలి. ఈ రెండూ ఇప్పుడున్న పట్టికలోనే పనిచేస్తాయి. బాబాయి గారు ముందు 9 నొక్కినా ఇబ్బంది లేదు.

శాశ్వతంగా సరిచేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, 9 నొక్కే అలవాటునే తీసేయడం. పట్టిక శుభ్రంగా ఉంటుంది, రేపు ఏ టెక్నీషియన్ వచ్చినా సులువుగా అర్థమవుతుంది. కానీ పాతికేళ్ల అలవాటున్న మనిషి సీజన్ మధ్యలో ప్రతి ఫోనుకూ తడబడతారు, ఆ కోపం మళ్లీ మీ మీదికే వస్తుంది. రెండోది, అంకెలు లెక్కపెట్టి రెండు అలవాట్లనూ నిలబెట్టడం. ఇలాంటి పట్టికల్లో ఎక్స్ అంటే 0 నుంచి 9 వరకు ఏ అంకైనా, జెడ్ అంటే 1 నుంచి 9 వరకు, ఎన్ అంటే 2 నుంచి 9 వరకు. చుక్క అంటే ఆ తర్వాత ఎన్ని అంకెలైనా. మీ టెక్నీషియన్ తొందరలో చుక్కలు పెట్టాడు. చుక్కలు తీసి ఎక్స్‌లు పెట్టించండి. 6, 7, 8, 9లో ఒకదానితో మొదలై మొత్తం పది అంకెలుంటే సెల్. దానికే ముందు ఇంకో 9 ఉండి మొత్తం పదకొండు అయితే, ముందున్న 9 తీసేసి 0 చేర్చాలి. 0 తర్వాత ఒక జెడ్, ఆపైన తొమ్మిది ఎక్స్‌లు ఉంటే మొత్తం పదకొండు: ఎస్టీడీ గానీ, 0 చేర్చిన సెల్ గానీ. దానికి ముందు 9 ఉంటే పన్నెండు. 9 తర్వాత 2తో మొదలయ్యే ఏడంకెలుంటే మొత్తం ఎనిమిది, అప్పుడు 9 తీసేసి 0863 చేర్చాలి. అంకెల సంఖ్యలో గానీ మొదటి అంకెలో గానీ తేడా ఉండటం వల్ల ఇవి ఒకదాన్నొకటి మింగవు. నా మొగ్గు రెండో పద్ధతి వైపే. పట్టిక కొంచెం పొడుగవుతుంది, అయినా మీ ఆఫీసులో మనుషుల మధ్య గొడవ తగ్గుతుంది. సీజన్ అయ్యాక, అందరి సమ్మతితో, కావాలంటే మొదటి పద్ధతికి మారవచ్చు.

మార్చే ముందు బ్యాకప్ తీయించండి. ఒక్కసారికి ఒక్క వరుసే మార్చి, పరీక్షించి, కాగితంలో రాసి, తర్వాత ఇంకోటి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది దేన్ని బాగుచేసిందో, ఏది పాడుచేసిందో తెలియదు. ఈ పని యార్డులో వేలం ముగిశాక సాయంత్రం పెట్టుకోండి.

ఇక 204 సంగతి. రెండో వరుస, మూడో వరుస మళ్లీ చూడండి. ఐఎస్డీకి పిన్ పెట్టామని టెక్నీషియన్ మీకు భరోసా ఇచ్చాడని రాశారు. పెట్టిన మాట నిజమే. కానీ 00తో మొదలయ్యే నంబరు 0తో కూడా మొదలవుతుంది కదా. రెండో వరుస దాన్ని ముందే పట్టుకుని ఎస్టీడీ అనుకుని పిన్ అడగకుండా పంపేసింది. మూడో వరుసను ఒక్క కాల్ కూడా ముట్టలేదు. దాన్ని రెండోదానికి పైన పెట్టించినా ఇంకో కన్నం మిగులుతుంది: 9 నొక్కి 00 నొక్కితే మొదటి వరుసలోంచి జారిపోతుంది. మొదటి వరుసలో చుక్క పోతే గానీ ఆ కన్నం మూసుకోదు.

దారి తెరిచి ఉంది సరే, నడిచింది ఎవరు? ఎవరి పేరైనా పలికే ముందు మూడు విషయాలు చూసుకోండి.

మొదటిది గడియారం. ఇలాంటి పెట్టెలు కొన్ని మన సమయం కాకుండా, మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో రాస్తాయి. అలాగైతే మీరు రాత్రి రెండు అనుకుంటున్నది ఉదయం ఏడున్నర. ఇప్పుడే ఒక ఫోను చేసి, గోడ గడియారంతో లాగ్‌లోని సమయం సరిచూడండి. రెండోది, కాల్స్ ఒకదాని మీద ఒకటి పడ్డాయా అన్నది. ఒక కాల్ రెండు గంటల పది నిమిషాలకు మొదలై నాలుగు నిమిషాలు నడిచి, అదే 204 మీద ఇంకో కాల్ రెండూ పదకొండుకు మొదలై ఉంటే, ఒక చెవి ఉన్న మనిషి చేసే పని కాదది. మీరు పంపిన కాగితంలోనే అలాంటివి కనబడుతున్నాయి. మూడోది, ఆ సమయంలో 204 పేరుతో సిస్టంలోకి ఏ ఇంటర్నెట్ చిరునామా (ఐపీ అడ్రస్) నుంచి లాగిన్ అయిందన్నది. ఆఫీసు లోపలి చిరునామాలు సాధారణంగా 192.168తో గానీ 10తో గానీ మొదలవుతాయి. వేరే ఏదో ఉంటే బయటి నుంచి వచ్చి ఉండవచ్చు. ఇంటి నుంచి కూడా ఆ నంబరు వాడుకోవడానికి బావమరిది గారు సెల్‌లో పెట్టించుకున్నారని మీరే రాశారు. అందుకోసం టెక్నీషియన్ పెట్టెను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటాడు. 204కు పాస్‌వర్డ్ కూడా 204 అయితే ఇక చెప్పేదేముంది. ఇలాంటి పెట్టెల కోసం రాత్రింబవళ్లు వెతికే ముఠాలు ఉన్నాయి. దొరికిన పెట్టె నుంచి ఖరీదైన విదేశీ నంబర్లకు ఫోన్లు చేయిస్తారు. ఆ చార్జీలో కొంత భాగం ఆ నంబరు తీసుకున్నవాళ్లకు చేరుతుంది. ఆఫీసు మూసి ఉండే వేళలు వాళ్లకు అనుకూలం.

కాబట్టి మీరు చెప్పబోయేది చాడీ కాదమ్మా, దొంగతనం సమాచారం. ఎవరికి, ఎలా చెప్పాలన్నదే ఆలోచించాలి.

ముందుగా బావమరిది గారికే చెప్పవచ్చు. ఆయన మర్యాద నిలుస్తుంది, ఆయన మీ పక్షాన నిలబడే అవకాశమూ ఉంది. కానీ ఆయన కంగారుపడి "ఇది ఇక్కడితో ఆపేయండి, బావగారికి చెప్పకండి" అంటే మీరు ఇరుక్కుంటారు. ఆ తర్వాత యజమానికి తెలిస్తే ఇద్దరూ కలిసి దాచినట్టు అవుతుంది. టెక్నీషియన్ చేత చెప్పించవచ్చు. అయితే పిన్ పనిచేయని పట్టిక పెట్టింది ఆయనే. తన మీదికి రాకుండా మాట తిప్పితే మీరు పక్కన నిలబడి విన్నట్టే ఉంటుంది. నేరుగా యజమానికి ఒంటరిగా చెప్పడం తొందరగా అయ్యే పని. కానీ ఇంట్లో ఆ మాట ఏ రూపంలో చేరుతుందో మీ చేతిలో ఉండదు.

నాకు తోచినంతలో యజమాని, బావమరిది గారు ఇద్దరూ ఒకేచోట ఉన్నప్పుడు, కాగితాలు ముందుపెట్టి చెప్పడం మేలు. మాట ఎంచుకోవడంలో జాగ్రత్త. "204 నుంచి ఈయన చేశారు" అని గానీ, "ఈయన ఫోను వల్ల" అని గానీ అనకండి. "204 పేరు వాడుకుని ఎవరో బయటివాళ్లు చేశారండీ, ఒకేసారి మూడు నాలుగు కాల్స్ నడిచాయి, మనిషి చేయగలిగేది కాదు" అని మొదటి వాక్యంలోనే అనేయండి. ఆయన మీద నీడ పడకముందే తొలగిపోతుంది. తర్వాత ఏమేమి ఆపించారో, ఏమేమి యజమాని అనుమతి కోసం ఆగి ఉన్నాయో చెప్పండి. ఒకవేళ లాగిన్ చిరునామా ఆఫీసు లోపలిదే అని తేలితే, అప్పుడు కూడా మీరు తీర్పు చెప్పవద్దు. లాగ్ ఉన్నదున్నట్టు ఇచ్చి, తేల్చుకోవలసినవాళ్లను తేల్చుకోనివ్వండి. ఏది ఏమైనా ఆ లాగ్‌లో ఒక్క వరుస కూడా చెరపకండి, ఎవరు చెప్పినా సరే. రేపు మిమ్మల్ని కాపాడేది అదే.

ఆ తర్వాత అన్ని ఎక్స్‌టెన్షన్ల పాస్‌వర్డ్లూ పొడవైనవిగా మార్పించాలి. బయటి నుంచి వాడే సదుపాయం అక్కరలేకపోతే తీసేయాలి, కావాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్‌లో బయటివాళ్లకు అందని సురక్షిత దారి) ద్వారా మాత్రమే ఇవ్వాలి. మీది ఎగుమతి వ్యాపారం కాబట్టి ఐఎస్డీ ఎల్లకాలం మూసి ఉంచలేరు. మీ బయ్యర్లున్న దేశాల కోడ్లు మాత్రమే తెరిపించండి. చైనా 0086, థాయిలాండ్ 0066, బంగ్లాదేశ్ 00880, శ్రీలంక 0094, ఇలా. అదీ ఎగుమతి చూసే బల్లల నుంచి, పిన్‌తో. బిల్లు విషయంలో కంపెనీకి లాగ్ జతచేసి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ విభాగానికి వెళ్లవచ్చు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది యజమాని నిర్ణయం. డబ్బు తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వలేను గానీ, ఫిర్యాదు చేసిన కాగితం ఉంటే కంపెనీతో మాట్లాడేటప్పుడు బలం ఉంటుంది.

మధ్యాహ్నం లైన్ల గొడవకు వద్దాం. ఆ ఇంగ్లిష్ గొంతు టెలిఫోను కంపెనీది కాదు, మీ పెట్టెది. బయటికి కాల్ పంపడం కుదరనప్పుడల్లా, కారణం ఏదైనా, ఇలాంటి పెట్టెలు అదే మాట చెబుతుంటాయి. కాబట్టి ఆ మాట విని, కంపెనీ ప్రతినిధి చెప్పినట్టు పది చానళ్లను (ఒక్కో కాల్‌కు ఒక్కోటి పట్టే దారులను) ఇరవై చేయించకండి. ముందు లాగ్‌లోని కోడ్ చూడండి. 486 అంటే అవతలి ఫోను బిజీ. 484 అంటే అంకెలు చాలలేదు. 404 అంటే అలాంటి నంబరు లేదు. 403 అంటే కంపెనీ నిరాకరించింది. 503 అంటే వాళ్ల వైపు సేవ అందలేదు, చానళ్లు నిండినప్పుడు ఎక్కువగా కనబడేది ఇదే. పదకొండు నుంచి ఒంటిగంట మధ్య 503లే ఎక్కువ ఉంటే చానళ్లు చాలడం లేదన్నది నిజం కావచ్చు. అప్పుడు కూడా లెక్క ఒకటి చూడాలి. వచ్చే కాల్స్ కూడా ఆ పదిలోంచే తింటాయి. యజమాని తన నంబరును సెల్‌కు మళ్లించుకున్నారని రాశారు. అలా మళ్లిన ప్రతి కాల్ వచ్చేదానికి ఒకటి, వెళ్లేదానికి ఒకటి, రెండు చానళ్లు పట్టుకుంటుంది. సీజన్లో ఆయనకు వచ్చే ఫోన్లెన్నో మీకే తెలుసు. ఆయన సెల్ నంబరే బయ్యర్లకు ఇస్తే సగం సమస్య తీరవచ్చు. మళ్లించిన కాల్స్ కొన్ని 403తో తిరిగివస్తుంటే, ఫోను చేసినవారి నంబరునే బయటికి చూపించడం కారణం కావచ్చు. కంపెనీ తాను ఇచ్చిన నంబర్లు తప్ప వేరేవి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, ఇది నాకు మిగతావాటన్నిటికంటే ముఖ్యం. మీ పట్టికలో 112, 108, 101లకు వరుసే లేదు. మూడంకెలు నొక్కితే ఐదు వరుసల్లో దేనికీ సరిపోదు. ముందు 9 నొక్కినవాళ్లకు మాత్రం, అదీ మొదటి వరుస పుణ్యాన, బయటికి పోతుంది. అంటే ఇప్పుడు మీ కోల్డ్ స్టోరేజీలో ఏదైనా జరిగితే బాబాయి గారు ఒక్కరే అంబులెన్సును పిలవగలరు. పైన చెప్పిన మార్పులు చేసి చుక్కలు తీసేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. అమోనియాతో నడిచే గదులు, అటక దాకా ఎండు మిర్చి బస్తాలు ఉన్న చోట ఇది ఉండకూడని లోపం. ఈ మూడు నంబర్లూ పట్టికలో అన్నిటికంటే పైన, ఏ పిన్నూ లేకుండా, 9తోనూ 9 లేకుండానూ పోయేలా పెట్టించండి. మీ లైను హైదరాబాద్ చిరునామా మీద తీసుకున్నదైతే అత్యవసర కాల్ అక్కడి కేంద్రానికి చేరే ప్రమాదం ఉంటుంది కాబట్టి, గుంటూరుకే చేరుతుందా అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. పరీక్షించాలంటే ఒక్కసారే చేసి, ఎత్తగానే ఇది పరీక్ష అని చెప్పి పెట్టేయండి. కరెంటు పోయినా ఇంటర్నెట్ పోయినా ఈ ఫోన్లు మూగబోతాయి. కంప్రెసర్ గది దగ్గర చార్జి ఉన్న సెల్‌ఫోను ఒకటి ఎప్పుడూ ఉండేలా యజమానికి చెప్పండి.

ఉద్యోగం మానేయాలా అని అడిగారు. ఈ వారం మాత్రం వద్దు. లెక్క తేలకముందు వెళ్లిపోతే, వెళ్లిపోయిన మనిషి మీద నింద వేయడం అందరికీ సులువు. బిల్లు సంగతి బయటపడి, పట్టిక సరయ్యాక ప్రశాంతంగా ఆలోచించండి. ఈ పని మీరే చూడాలనుకుంటే, అది మీ పని అని రాతలో ఉండాలి, దానికి తగ్గ జీతం ఉండాలి, పట్టికలో ఎవరు ఏది మార్చమన్నా యజమాని సంతకం ఉన్న పుస్తకంలో రాసి మార్చే పద్ధతి ఉండాలి. మీకు, టెక్నీషియన్‌కు వేర్వేరు లాగిన్లు ఉండాలి. ఇప్పుడున్నట్టు ఒకే పాస్‌వర్డ్ ముగ్గురు వాడితే ఎవరు ఏమి చేశారో ఎప్పటికీ తెలియదు. ఇవి ఇవ్వలేమంటే పాస్‌వర్డ్ గౌరవంగా తిరిగి ఇచ్చేసి, లెక్కల పనికే పరిమితమవ్వండి. దాంట్లో చిన్నతనం ఏమీ లేదు. అప్పుడు ఫోన్లు మళ్లీ మొరాయిస్తే చూడటం కష్టంగానే ఉంటుంది, తెలిసిన పనిలో చేయి పెట్టకుండా ఉండటం మీలాంటివారికి అంత తేలిక కాదు. కానీ అధికారం లేని బాధ్యత మోయడం అంతకంటే కష్టమని ఈ ఏడాది మీకు తెలిసింది.

టెక్నీషియన్ యజమానికి దూరపు చుట్టమని, మార్చమంటే నొచ్చుకుంటారని రాశారు. మార్చనక్కరలేదు. మీ పెట్టెలో నడిచేది ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ అని మీరు పంపిన కాగితంలో ఉంది. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా వాడుకోగలది. ప్రపంచమంతటా నడుస్తోంది, దాన్ని చూడగలిగినవాళ్లు విజయవాడలోనూ దొరుకుతారు. కాబట్టి ఆయన్నే పిలిచి, మీ కాగితం చూపించి, "ఈ వరుసలు ఇలా మారిస్తే బాగుంటుందేమో చూడండన్నయ్యా" అని అడగండి. ఒప్పుకుని చేస్తే మంచిదే. కుదరదంటే, రెండో మనిషిని ఒక్క పూటకు పిలిపించి పట్టిక చూపించమని యజమానిని అడగవచ్చు. ఎవరు చేసినా, మారిన పట్టికను ముద్రించి ఒక ప్రతి యజమాని దగ్గర, ఒక ప్రతి మీ ఫైల్లో ఉంచండి. పరీక్షలో పైన చెప్పిన కోడ్లు కాకుండా వేరేవి పడుతుంటే ఆ కాగితం నకలు నాకు పంపండి, చూసి రాస్తాను.